పచ్చ జీపుకు దిష్టి

ఆ సోమవారం పొద్దున ఓబులయ్య వేసుకున్న పథకానికి వంక పెట్టడానికి లేదు. అన్నం వేళలోపు జీపుకు రంగు మీద మెరుపు కోసం క్లియర్ కోటు కొట్టేయాలి. మంగళవారం ఆరనివ్వాలి. బుధవారం మెరుగు పెట్టాలి. గురువారం జీపు గేటు దాటి అబహాలో పెళ్ళికి పోవాలి, దాని వెనకే తానూ గేటు దాటి రాయచోటికి పోవాలి.

మాటిచ్చింది సాక్షాత్తు కఫీలే. వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని అన్నమాట. పేరు సాద్. దేశం దాటే అనుమతికి ఆయన తన ఫోన్లో ఒక్క మీట నొక్కితేగాని ఓబులయ్య విమానం ఎక్కలేడు. ఖమీస్ ముషైత్‌లోని బండ్లు బాగుచేసే ఆ షాపులో పెయింటరు ఒక్కడే. ఒక్కడే కావడం గొప్పే గానీ, ఆ గొప్పతనం వల్ల చుట్టీ, అంటే ఊరికి పోయే సెలవు, అడిగినప్పుడల్లా "ఈ ఒక్క బండి కానీ" అనే జవాబు వచ్చేది. బండ్లు అవుతూనే ఉన్నాయి, ఇంకో బండి వస్తూనే ఉంది. ఈసారి మాత్రం సాద్ గుండె మీద చెయ్యి పెట్టుకుని చెప్పాడు.

"ఇది మా అమ్మ జీపు. గురువారం ఇది బయటికి పోతే నీకు చుట్టీ. ఖలాస్."

ఆ జీపు ఒకప్పుడు సాద్ తండ్రిది. ముదురు పచ్చ రంగు. సాద్ తల్లి ఉమ్ సాద్ కొత్త పెళ్ళికూతురిగా ఘాట్ రోడ్డెక్కి ఈ ఊరికి వచ్చింది అందులోనేనట. ఇప్పుడు మనవరాలి పెళ్ళికి కూడా అందులోనే దిగుతానని ఆమె పట్టుబట్టింది. అంచేత సాద్ ఇంకో మాట కూడా అన్నాడు. ఆ మాటకు కారణం లేకపోలేదు. పోయినేడు ఓబులయ్య ఏదో ఆలోచిస్తూ ఒక టాక్సీకి అద్దంతో సహా రంగు కొట్టేశాడు.

"ఇంకోసారి పనిలో కలలు కంటే, చుట్టీ కూడా కలలోనే."

ఖమీస్ ముషైత్ అరబ్బు దేశంలో కొండల మీది ఊరు. చలికాలంలో అక్కడ మబ్బు ఆకాశంలో ఉండదు, వీధుల్లో తిరుగుతూ ఉంటుంది. ఆ సోమవారం అది షాపు గేటు దాటి లోపలికి వచ్చి, టైర్ల గుట్ట మీద కాసేపు కూర్చుని, టార్పాలిన్ పరదా సందులోంచి ఓబులయ్య రంగు కొట్టే చోటికి కూడా తొంగిచూసింది. చలిలో క్లియర్ ఆరడానికి బద్ధకిస్తుంది. ఆ సంగతి ఓబులయ్యకు తెలుసు. రంగు చిమ్మే గన్ను ఒకచోట ఆపకుండా, చేతిని తూగుటుయ్యాల మాదిరి అటూ ఇటూ పోనిస్తూ కొట్టాలని కూడా తెలుసు. ముందు వైపంతా అలాగే కొట్టాడు. పచ్చరంగు మీద క్లియర్ పడుతుంటే జీపు మెల్లగా నీళ్ళలోకి దిగుతున్నట్టు మెరిసింది.

వెనక తలుపు దగ్గరికి వచ్చేసరికి అందులో ఓబులయ్యకు తన ముఖం కనిపించింది. ముఖం వెనక రాయచోటి బస్టాండు కనిపించింది. బస్టాండులో జయ నిలబడి ఉంది, ఆమె చంకలో కూతురు ఉంది. కూతురు పుట్టకముందే అతను ఇక్కడికి వచ్చేశాడు. దానికి తండ్రి అంటే ఫోను. "మీ నాయన యాడ?" అని ఎవరైనా అడిగితే గోడకు వేలాడే ఫోను చూపించి, "నాయన ఛార్జింగ్‌లో ఉండాడు" అంటుందట. జయ నవ్వుతూ చెప్పిన ఆ మాటకు ఓబులయ్య కూడా నవ్వాడు. నవ్విన తర్వాత రెండు రోజులు అన్నం సయించలేదు. ఇప్పుడు కలలో ఆ పిల్ల అతన్ని కిందినుంచి మీదికి చూసి, ఇంత పెద్ద ఫోను ఎక్కడిదా అన్నట్టు నోరు తెరిచింది. "నేనే తల్లీ" అంటూ ఓబులయ్య చెయ్యి చాపాడు.

చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. ఆ చేతిలో గన్ను ఉంది.

తేరుకునేసరికి తలుపు మీద క్లియర్ దట్టంగా పేరుకుని, బరువుకు జారి, వంకీలు తిరిగి కిందికి వేలాడుతోంది. అంచున నాలుగైదు బొట్లు రాలాలా వద్దా అని ఆలోచిస్తున్నాయి.

అలా కారిన క్లియర్ విషయంలో పెయింటర్లందరికీ ధర్మం ఒక్కటే. ముట్టుకోకూడదు. పచ్చిగా ఉండగా తుడిస్తే గోరంత కొండంత అవుతుంది. అది గట్టిపడేదాకా ఓపిక పట్టి, ఉబ్బిన చోట బ్లేడుతో చెక్కి, నీళ్ళలో నానబెట్టిన వాటర్ పేపరు అనే గరుకు కాగితంతో రాచి, చివర కాంపౌండ్ అనే మెరుగు ముద్ద పూసి మిషనుతో మెరుగు పెడితే మచ్చ కూడా మిగలదు. అంటే కావలసింది ఓపిక, కాస్త ఏకాంతం. రెండూ దొరికేవేమో. సరిగ్గా అప్పుడే సాద్ పరదా తొలగించుకుని లోపలికి వచ్చాడు. వెనకే చాంద్ బాషా.

చాంద్ బాషా బండ్ల సొట్టలు తీసే డెంటింగ్ మేస్త్రి. అతనిదీ రాయచోటే. వయసులో పెద్ద, అరబ్బీలో దిట్ట, రోజుకు నలభైసార్లు మాషాఅల్లా అనే మనిషి. ఓబులయ్యకు వచ్చిన అరబ్బీ టీ తాగడానికి సరిపోతుందిగానీ చీవాట్లు తినడానికి సరిపోదు. అందుకని ఇద్దరి మధ్య మాటలు మోసేది చాంద్ బాషాయే.

"ఏమిటిది?" అన్నాడు సాద్, వేలు చాపి.

"అన్నా, ముట్టనీగాకు!" అని కేక పెట్టాడు ఓబులయ్య. చాంద్ బాషా కఫీల్ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఎందుకిలా అయింది?" అన్నాడు సాద్.

నిజం చెబితే చుట్టీ కలలోకి పోతుంది. ఓబులయ్య తల పట్టుకుని, తనలో తాను గొణుక్కున్నాడు. "ఎవురి దిష్టి తగిలిందో ఏమో సామీ..."

చాంద్ బాషా ఒక్క క్షణం ఆలోచించాడు. సాటి ఊరివాడి చుట్టీని కాపాడటం తన బాధ్యత అనుకున్నాడు. కఫీల్ వైపు తిరిగి గంభీరంగా ఒకే ఒక మాట అన్నాడు.

"ఐన్."

అరబ్బీలో అది కన్ను. తగిలే కన్ను. ఎవరైనా ఒక వస్తువును చూసి ముచ్చటపడి, అది దేవుడి దయ అని చెప్పే మాషాఅల్లా అనడం మరిచిపోతే ఆ కన్ను తగులుతుంది. సాద్ తలగుడ్డ సర్దుకుని, రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాకు తెలుసు. నిన్న ఈ వీధంతా దీన్ని నోరెళ్ళబెట్టుకుని చూసింది. ఎవరి కన్ను?"

"ఏమంటాండాడన్నా?" అన్నాడు ఓబులయ్య.

"నీ గండం గడిచిందబ్బా. గమ్మునుండు" అన్నాడు చాంద్ బాషా.

గండం గడవలేదు, బట్టలు మార్చుకుని వచ్చింది. ఆ ప్రాంతంలో కన్ను తగిలితే విరుగుడు ఉంది. చూసినవాడు తాగి వదిలేసిన టీయో, కహ్వా అనే అరబ్బు కాఫీయో గ్లాసు అడుగున మిగిలినది తెచ్చి, కన్ను తగిలినదాని మీద పోయాలి. అయితే ఆ మనిషికి తెలియకుండా తేవాలి, తెలిస్తే మొహాలు మాడిపోతాయి. సాద్ ఆ విరుగుడు ఇప్పుడే చేస్తానన్నాడు.

ఆ మాట అనువాదమై వచ్చేసరికి ఓబులయ్య జీపుకు అడ్డంగా నిలబడ్డాడు. "పచ్చి క్లియర్ మీద టీ పోస్తాడా? అన్నా, నీకు దండం పెడతా, ఎట్లన్నా ఆపు!"

"మా దేశంలో అయితే రెండు పొద్దులు పోయేదాకా ముట్టకూడదంటారు" అని చాంద్ బాషా కఫీల్‌కు చెప్పాడు. నిజానికి అతని దేశంలో అలా ఎవరూ అనరు. అయినా సాద్ ఒప్పుకున్నాడు. పోయడానికి గడువు ఇచ్చాడుగానీ, పోగు చేయడానికి ఎందుకాగాలి?

మంగళవారం పొద్దుటినుంచీ సాద్ ఖాళీ నీళ్ళ సీసా ఒకటి తెల్లటి జుబ్బా జేబులో పెట్టుకుని వీధిలో తిరిగాడు. ఇష్తియాక్ అనే పాకిస్తానీ నడిపే టీకొట్టు దగ్గర కూర్చుని, ఎవరు లేచిపోతే వాళ్ళ గ్లాసు అడుగు అటూ ఇటూ చూసి సీసాలోకి వంచాడు. స్పేర్ పార్టుల వాడి పాలటీ, కాంపౌండ్లమ్మే వాడి పాలు లేని సులేమానీ, టైర్లవాడి కహ్వా అన్నీ అందులో కలిసిపోయాయి. తన షాపులోనే మెకానిక్ ఎల్లన్న బల్ల మీద ఒక గ్లాసు కనిపిస్తే అది కూడా వంచాడు. అందులో ఉన్నది టీ కాదు, ఎల్లన్న నట్లు నానేసిన డీజిల్.

ఇష్తియాక్ ఇదంతా పొయ్యి చాటునుంచి చూస్తూనే ఉన్నాడు. కలిగినవాడు, పది బండ్లున్నవాడు, తన కొట్టులో ఎంగిలి టీ ఎందుకు పోగు చేస్తాడు? ఎంత ఆలోచించినా అతనికి ఒక్కటే కారణం తోచింది. ఎవరో ఫిర్యాదు చేశారు. టీని పరీక్షకు పంపుతున్నారు. మునిసిపాలిటీ తనిఖీ రాబోతోంది.

మధ్యాహ్నం నమాజు వేళకు టీకొట్టు మూతపడింది. టీకొట్టు ఎందుకు మూశారని అడిగినవాడు తన హోటలు కూడా మూశాడు. అసలు ఏ తనిఖీయో తెలియని మిగతావాళ్ళు, తెలుసుకునేదాకా మూసి ఉంచడం మేలనుకున్నారు. మబ్బు కూడా దిగడంతో ఆ వీధి పట్టపగలే నిద్రపోయినట్టయింది. షట్టర్లు ఒక్కొక్కటే కళ్ళు మూసుకుంటుంటే, చివర కాంపౌండ్ కొట్టు కూడా మూసుకుంది.

ఎల్లన్న కరీంనగర్ నుంచి వచ్చినవాడు. పొద్దుగూకే వేళ షాపులోకి వచ్చి కూలబడ్డాడు. "ఏం కతనే ఇది! చాయ్ లేదు, రొట్టె లేదు. గల్లీ గల్లీ బందు. ఎవ్వలు సచ్చిన్రో కూడా ఎర్కలేదు."

"ఎవురూ సావలేదుగానీ, నేను సచ్చేట్టుండా" అన్నాడు ఓబులయ్య.

బుధవారం తెల్లవారి ఓబులయ్య షాపుకు వచ్చేసరికి పరదా తీసే ఉంది. సాద్ చేతిలో సీసా ఖాళీగా ఉంది. సోమవారం ఒక పొద్దు, మంగళవారం ఒక పొద్దు అని ఆయన లెక్క. జీపు వెనక తలుపంతా పాలచారలు, టీ చారలు. చక్కెర తీపికి ఈగలు విందుకు దిగాయి. డీజిల్ పుణ్యమా అని ఆ తడి మీద రంగురంగుల ఇంద్రధనుస్సు ఒకటి వంగి ఉంది. పొద్దుటి మబ్బులో అది ఎంత అందంగా ఉందంటే, ఏడవడానికి వచ్చిన ఓబులయ్య కూడా ఒక్క నిమిషం చూస్తూ నిలబడిపోయాడు.

కారిన వంకీలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

"పోలేదు" అన్నాడు సాద్ నీరసంగా. "కన్ను వేసినవాడు ఈ సీసాలో లేడు. అమ్మనే పిలుచుకొస్తాను. ఆమెకు ఇవన్నీ తెలుసు."

కఫీల్ కారు మబ్బులో కలిసిపోగానే ఓబులయ్య నడుం బిగించాడు. వేలితో నొక్కి చూశాడు. క్లియర్ గట్టిపడింది. ఆమె వచ్చేలోగా పని కానిచ్చేస్తే దిష్టీ ఉండదు, దిష్టి కథా ఉండదు. ఈగలను తోలి, సబ్బునీళ్ళతో తలుపు కడిగాడు. వంకీలను బ్లేడుతో పొరలు పొరలుగా చెక్కాడు. చెక్కకు చుట్టిన వాటర్ పేపరు నీళ్ళలో ముంచి రాచాడు. డీజిల్ చారల కోసం ఇంకొంచెం మేర రాచాడు, టీ మరకల కోసం ఇంకొంచెం. తలుపు, చక్రం మీది రెక్క, వెనక భాగం అన్నీ చదునైపోయాయి. చేతికి మచ్చ తగలడం లేదు. పని బ్రహ్మాండంగా కుదిరింది.

అయితే రాచిన క్లియర్‌కు ఒక గుణం ఉంది. కాంపౌండ్ పూసి మెరుగు పెట్టేదాకా అది బూడిద పూసుకున్నట్టు తెల్లగా, గుడ్డిగా ఉంటుంది. తెలియనివాడు చూస్తే రోగం కంటే మందే ఎక్కువ చెరుపు చేసిందనుకుంటాడు.

"ఎల్లన్నా, కాంపౌండ్ డబ్బా ఇయ్యి."

ఎల్లన్న డబ్బా బోర్లించి చూపించాడు. "అయిపోయింది గదనే. కొట్టు బందున్నది."

"షట్టరు కొట్టు. పగలగొట్టైనా తీసకరా!"

ఎల్లన్న అటు పరుగెత్తాడు. ఇటు సాద్ కారు ఆగింది.

సాద్ దిగి జీపును చూసి కేక పెట్టాడు. పచ్చటి జీపు సగం తెల్లబోయి ఉంది. "తినేసింది! కన్ను మెరుపంతా తినేసింది! రేపు పెళ్ళి!" ఆ తర్వాత అరబ్బీలో అన్నవి చాంద్ బాషా అనువదించలేదు. చివరి మాట మాత్రం ఓబులయ్యకు అనువాదం లేకుండానే అర్థమైంది. చుట్టీ, మాఫీ. చుట్టీ లేదు.

ఓబులయ్య తడి కాగితం చేతిలో పట్టుకుని జీపు చక్రానికి ఆనుకుని కూర్చుండిపోయాడు.

కారు వెనక తలుపు తెరుచుకుని ఉమ్ సాద్ దిగింది. నిలువెల్లా నల్ల ముసుగు. కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ముసలి కళ్ళే అయినా చురుకైనవి. ఆమె కర్ర పోటేసుకుంటూ జీపు చుట్టూ ఒకసారి తిరిగి, తెల్లబోయిన తలుపు మీద అరచెయ్యి ఆనించి చూసింది. తర్వాత కొడుకును అడిగింది.

"అందరి టీ పోశావు. రోజంతా దీన్ని చూస్తూ కూర్చున్నది ఎవరు?"

అందరి కళ్ళూ ఓబులయ్య వైపు తిరిగాయి.

"అడుగు. రంగు వేసేటప్పుడు మాషాఅల్లా అన్నాడా?" అంది ఆమె చాంద్ బాషాతో.

చాంద్ బాషా అడిగాడు, అడుగుతూనే తెలుగులో ఇంకో మాట కలిపాడు. "అన్నానని చెప్పురా, సచ్చిపోతావు."

ఓబులయ్యకు ఇక అబద్ధం ఆడే ఓపిక లేదు. "యాడ అన్నాన్నా! నేను ఈడ ఉంటే కదా! రాయచోటి బస్టాండులో ఉండా. కూతుర్ని ఎత్తుకుందామని చెయ్యి చాపినా, ఆడ కారింది. దిష్టీ లేదు, గిష్టీ లేదు. ఉన్నదున్నట్టు చెప్పు ఆమెకు."

చాంద్ బాషా తల ఎత్తలేదు. మెల్లగా, ఉన్నదున్నట్టే చెప్పాడు. బస్టాండు సంగతి, పుట్టాక ఒక్కసారి కూడా ఎత్తుకోని కూతురి సంగతి, నాయన ఛార్జింగ్‌లో ఉన్న సంగతి. తన ఇంట్లో చాంద్ బాషా కూడా ఒక ఫోనే.

మబ్బు వచ్చి ఉమ్ సాద్‌కూ జీపుకూ మధ్య నిలబడి, మళ్ళీ పక్కకు తప్పుకుంది.

"ఇంకేం కావాలి?" అంది చివరికి. "ఆకలిగొన్నవాడి కన్ను అన్నం మీద పడితే అన్నం చెడుతుంది. ఇతని కన్ను ఎన్నాళ్ళుగా ఆకలితో ఉందో చూడు. ఇనుము మీద పడింది, ఇనుము కరిగి కారింది. ఇతని టీ ఏది?"

ఓబులయ్య తెల్లారి తన గదిలో కాచుకుని తెచ్చి, తాగలేక వదిలేసిన టీ కిటికీలో ఉంది. అదే క్షణంలో ఎల్లన్న రొప్పుకుంటూ వచ్చాడు. సగం ఎత్తిన షట్టరు కిందనుంచి సంపాదించిన కాంపౌండ్ డబ్బా అతని చంకలో ఉంది. ఉమ్ సాద్ పెదవుల్లో ఏదో చదువుతూ ఆ టీని తలుపు మీద పోసింది. పోసి, ఓబులయ్య వైపు చూసి, "ఊఁ, కానివ్వు" అన్నట్టు కర్ర ఊపింది.

ఓబులయ్య టీ తుడిచి, కాంపౌండ్ పూసి, మిషను ఆడించాడు. మొదట బూడిద కొంచెం చెదిరింది. చెదిరిన చోట అరచేయంత పచ్చదనం తొంగిచూసింది. అది పళ్ళెమంతయింది, తలుపంతయింది. మిషను ఆగేసరికి తలుపులో ఉమ్ సాద్ నిలువుగా నిలబడి ఉంది, ఆమె వెనక కొండలు, కొండల మీద మబ్బు. ముసలామె ఆ తలుపులోకి వంగి చూసుకుంది. పెళ్ళికూతురిగా ఇందులోంచి దిగినప్పుడు ఎవరు కనిపించారో వాళ్ళే మళ్ళీ కనిపించారేమో, ఆమె కళ్ళు చెమర్చాయి.

"మాషాఅల్లా" అంది.

"మాషాఅల్లా!" అని సాద్ అరిచాడు. "చూశారా? ఇతని టీ పోసిన వెంటనే పోయింది!"

టీతో కాదు, కాంపౌండుతో పోయిందని చెప్పబోయిన ఓబులయ్య కాలును చాంద్ బాషా గట్టిగా తొక్కాడు.

సాద్ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఓబులయ్యను చూశాడు, షాపులో వరసగా ఉన్న జనం బండ్లను చూశాడు, గేటు బయట ఉన్న తన కొత్త కారును చూశాడు. గబగబా వెళ్ళి ఓబులయ్యకూ ఆ కారుకూ మధ్య నిలబడ్డాడు. ఇనుమును కరిగించే కన్ను! అదీ తన షాపులో, తన జీతం మీద!

"పంపించు" అంది తల్లి. "కూతుర్ని కళ్ళారా చూసి, కన్ను నింపుకుని రానీ. నా మనవరాలి పెళ్ళినాడు ఈ ఆకలి కన్ను ఈ చుట్టుపక్కల ఉండకూడదు."

సాద్ జేబులోంచి ఫోను తీశాడు. గురువారం దాకా ఆగలేదు. ఇన్నాళ్ళుగా బండి తర్వాత బండి వెనక దాక్కున్న ఆ మీటను, అక్కడే, అందరి ముందూ నొక్కేశాడు.

ఓబులయ్య ఫోను చిన్నగా మోగింది. తెర మీద అరబ్బీ అక్షరాలు. చదవడం రాకపోయినా ఆ రంగూ ఆ గుర్తూ అతనికి తెలుసు. చుట్టీ మీద పోయే ప్రతివాడి ఫోనులోనూ ఈర్ష్యగా చూసినవే. తాను ఆడింది అబద్ధమో, తెలియక చెప్పిన నిజమో అతనికి తేలలేదు. దిష్టి అన్నాడు, నిజంగా తనదే దిష్టి. కంటినుంచి ఒక బొట్టు జారింది. పచ్చిగా ఉన్నప్పుడు ముట్టుకోకూడదని తెలిసినా గబుక్కున తుడిచేసుకున్నాడు.

గురువారం పచ్చ జీపు అబహా దారి పట్టింది. అదే పూట ఓబులయ్య, బొమ్మలతో కుక్కిన పెట్టె ఒళ్ళో పెట్టుకుని, మబ్బుల్లోంచి కిందికి దిగే టాక్సీలో విమానాశ్రయానికి పోయాడు. దారి పొడుగునా కల కన్నాడు. ఈసారి చేతిలో గన్ను లేదు కాబట్టి ఎవరికీ నష్టం లేదు.

శనివారం పొద్దున సాద్ తన కొత్త కారు షాపు ముందు ఆపి, తాళాలు తిప్పుకుంటూ లోపలికి వెళ్ళి బయటికి వచ్చేసరికి, చాంద్ బాషా, ఎల్లన్న, వాళ్ళకు తోడు వచ్చిన టీకొట్టు ఇష్తియాక్ దాని చుట్టూ నిలబడి రెప్ప వేయకుండా చూస్తున్నారు. ఒక్కడి నోటా మాషాఅల్లా అన్న మాట రాలేదు.